కెనడా పీఆర్ కోసం ఫ్రెంచ్ కోర్సు కొంటున్నారా? ఫీజు కట్టే ముందు ఇది చదవండి

'మూడు నెలల్లో ఎన్‌సీఎల్‌సీ 7 గ్యారంటీ' అనే ప్రకటన చూసి దయచేసి తొందరపడి డబ్బు కట్టకండి. ఎన్‌సీఎల్‌సీ అంటే ఫ్రెంచ్ ఎంత వచ్చో కెనడా కొలిచే స్థాయి. అలాంటి ఆన్‌లైన్ కోర్సుకి నేను ఫీజంతా ముందే కట్టాను. పేరు చెప్పను. ఇదే పద్ధతిలో అమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి ఎలా గుర్తుపట్టాలో చెప్తాను.

2023 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (కెనడా పీఆర్, అంటే శాశ్వత నివాసానికి మనుషుల్ని ఎంపిక చేసే పద్ధతి) ఫ్రెంచ్ వచ్చినవాళ్ళకి విడిగా డ్రాలు తీస్తున్నారు, అంటే విడిగా ఎంపిక చేసి పిలుస్తున్నారు. దానికి వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం నాలుగింటిలోనూ ఎన్‌సీఎల్‌సీ 7 రావాలి. ఉద్యోగం చేసుకుంటూ సున్నా నుంచి మూడు నెలల్లో అక్కడికి చేరడం అయ్యే పని కాదు. పైగా డెల్ఫ్ (ఫ్రాన్స్ ఇచ్చే ఫ్రెంచ్ డిప్లొమా) సర్టిఫికెట్ ఉన్నా చాలని ఆ కోర్సువాళ్ళు అన్నారు. అది అబద్ధం. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి టెఫ్ కెనడా, టీసీఎఫ్ కెనడా అనే రెండు ఫ్రెంచ్ పరీక్షలు మాత్రమే చెల్లుతాయి, ఆ రిజల్ట్ కూడా రెండేళ్ళే.

అన్నిటికంటే నష్టం చేసేవి పాఠాలు. ఇంగ్లిష్ వాక్యం తీసుకుని పదానికి పదం ఫ్రెంచ్ పెట్టేశారు. 'నాకు ముప్పై ఏళ్ళు' అనడానికి పీడీఎఫ్‌లో 'జ సుయి త్రాంత్ ఆఁ' అని ఉంది. ఫ్రెంచ్‌లో వయసు చెప్పడానికి 'అవ్వార్' (ఇంగ్లిష్ 'హ్యావ్' లాంటిది) క్రియ వాడతారు, 'సుయి' (ఇంగ్లిష్ 'యామ్') కాదు: 'జె త్రాంత్ ఆఁ'. 'వెళ్ళాను' అన్నచోట 'జె అలే' అని నేర్పారు. వెళ్ళడం, రావడం, పుట్టడం లాంటి క్రియలకి భూతకాలంలో 'ఎత్ర్' (ఇంగ్లిష్ 'బీ' లాంటి క్రియ, 'సుయి' దాని రూపమే) రావాలి: 'జ సుయి అలే'. చెప్పేది ఆడవాళ్ళయితే రాతలో చివర ఇంకో 'e' అక్షరం చేరుతుంది. రాత పరీక్షలో మార్కులు పోయేది ఇలాంటి చోటే.

నాకు బాగా కోపం తెప్పించింది ఇంకొకటి. 'మూడేళ్ళ నుంచి ఇక్కడే ఉంటున్నాను' అని మనం వర్తమానంలోనే అంటాం కదా, ఫ్రెంచ్‌వాళ్ళూ అంతే: 'జాబిత్ ఇసి దపుయి త్రువా ఆఁ'. తెలుగు పిల్లలకి ఒక్క మాటలో అర్థమయ్యే విషయం. దాన్ని ఇంగ్లిష్ మీదుగా తిప్పి భూతకాలం చేసి నేర్పారు. నామవాచకాలకి లింగమే ఇవ్వలేదు. 'లా తాబ్ల్' (బల్ల, స్త్రీలింగం), 'ల లివ్ర్' (పుస్తకం, పుంలింగం) అని ఆర్టికల్‌తో కలిపి బట్టీ పట్టకపోతే తర్వాత విశేషణాలన్నీ తప్పుతాయి.

రీఫండ్ అడిగితే 'వీడియోలు ఓపెన్ చేశారు, కుదరదు' అన్నారు.

కట్టే ముందు డెమో క్లాసు అడగండి, అందులో పైన చెప్పిన మూడు వాక్యాలూ ఫ్రెంచ్‌లో చెప్పించుకోండి. ఫీజు నెలనెలా కడతాననండి. ఒప్పుకోకపోతే వదిలేయండి. హైదరాబాద్‌లో ఉంటే ముందు ఆలియాన్స్ ఫ్రాన్సేజ్ అనే ఫ్రెంచ్ నేర్పే సంస్థలో క్లాసుల గురించి కనుక్కోండి. ఇప్పటికే కట్టేసినవాళ్ళు ప్రకటన స్క్రీన్‌షాట్, రశీదు, చాట్ ఏదీ డిలీట్ చేయకుండా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి. నేనూ చేశాను.