చలికోటు మరవకండి: శాన్ ఫ్రాన్సిస్కో ఒరాకిల్ పార్క్‌లో బేస్‌బాల్ ఆట

వేసవిలో అమ్మానాన్నలు బే ఏరియాకు వచ్చినప్పుడు గోల్డెన్ గేట్ వంతెన, యోసెమిటీ చూపించడం మనవాళ్లకు ఆనవాయితీ. శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ జట్టు సొంత మైదానమైన ఒరాకిల్ పార్క్‌ను కూడా ఆ వరుసలో చేర్చుకోమని నేను గట్టిగా చెబుతాను. సముద్రపు పాయను ఆనుకుని కట్టిన ఈ మైదానం 2000లో తెరుచుకుంది. నేను చూసిన క్రీడా మైదానాలలో ఇంతకన్నా అందమైనది లేదు.

అన్నిటికన్నా ముందు చెప్పవలసింది చలి గురించి. జూలైలో శాన్ హోసేలో ఎండ మండిపోతున్నా, అదే రోజు సాయంత్రం ఈ మైదానంలో గాలి ఎముకలు కొరికేస్తుంది. లోపలి లోయలు వేడెక్కినకొద్దీ పసిఫిక్ మీది చల్లగాలి, పొగమంచు నగరం మీదుగా లోపలికి లాగబడడమే దీనికి కారణం. మొదటిసారి అమ్మను తీసుకువెళ్లినప్పుడు ఆమె నూలు చీర మీద పలుచని శాలువా ఒక్కటే కప్పుకుంది. తొమ్మిది ఇన్నింగ్స్ ఉండే ఆటలో అయిదో ఇన్నింగ్స్‌కల్లా ఆమె చేతులు మంచుముక్కల్లా అయిపోతే, నా కోటు విప్పి ఆమెకు తొడిగి మిగిలిన ఆటంతా నేను వణుకుతూ చూశాను. రాత్రి ఆటకు వెళ్లేవారు మందపాటి కోటు, చెవులు మూసే టోపీ తప్పక తీసుకువెళ్లాలి. పెద్దవారితో వెళ్లేటట్లయితే మధ్యాహ్నం ఆటను ఎంచుకోవడం మేలు. నగరంలో వాతావరణం అన్నిటికన్నా వెచ్చగా ఉండే సెప్టెంబరు అయితే మరీ మంచిది.

టికెట్ల విషయంలో నా సలహా చాలామందికి వింతగా తోచవచ్చు. మైదానానికి దగ్గరగా ఉండే ఖరీదైన సీట్లకన్నా, పై అంతస్తులో హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనుక ఉండే చవక సీట్లే నాకు ఇష్టం. ఆట మొత్తం అక్కడి నుంచి అరచేతిలో ఉన్నట్లు కనిపిస్తుంది. తల ఎత్తితే నీలి జలాలు, పడవలు, బే వంతెన కనిపిస్తాయి. కుడివైపు గోడ ఎత్తు 24 అడుగులు. జెయింట్స్ మహాక్రీడాకారుడు విల్లీ మేస్ చొక్కా మీది సంఖ్య కూడా అదే. ప్రధాన ద్వారం ఎదుట ఆయన విగ్రహం చుట్టూ 24 తాటిజాతి చెట్లు నాటారు. ఆ గోడ దాటి కొట్టిన బంతి ఒక్కొక్కసారి నేరుగా మెకోవీ కోవ్ అనే ఆ సముద్రపు పాయ నీళ్లలో పడుతుంది. దాన్ని పట్టుకోవడానికి చిన్న పడవల్లో వలలు పట్టుకుని గంటల తరబడి కాచుకునేవారిని చూడడం నాకు ఆటతో సమానమైన ఆనందం. టికెట్ లేనివారు కూడా ఆ గోడ వెనుక నీటి ఒడ్డున నిలబడి, కమాను కిటికీల గుండా ఉచితంగా కొంతసేపు ఆట చూడవచ్చు. రద్దీగా ఉంటే మూడు ఇన్నింగ్స్ తరువాత వేరేవారికి చోటు ఇవ్వాలి.

క్రికెట్ చూసి పెరిగిన మా నాన్నగారిని అన్నిటికన్నా ఆశ్చర్యపరిచినది ఒక చిన్న నియమం: గ్యాలరీలోకి వచ్చిన బంతిని పట్టుకున్నవారే ఉంచుకోవచ్చు. అందుకే పిల్లలు తోలు గ్లోవ్ తొడుక్కుని వస్తారు. అయితే ఫౌల్ బంతులు (ఆట గీతల బయటికి వెళ్లేవి) మెరుపు వేగంతో వస్తాయి కనుక, రక్షణ వల లేనిచోట కూర్చున్నవారు బంతి విసిరేటప్పుడు ఫోన్ చూడకూడదు.

భోజనం విషయంలో ఈ మైదానం ఉదారమైనది. బయటి తిండిని, మూత తీయని ప్లాస్టిక్ నీళ్ల సీసాలను లోపలికి అనుమతిస్తారు; గాజు సీసాలు, మద్యం మాత్రం కుదరవు. మేము ఇంటి నుంచి పులిహోర తీసుకువెళతాము. అయినా ఇక్కడి వెల్లుల్లి ఫ్రైస్ వాసన వచ్చాక ఆగడం కష్టం. పచ్చి వెల్లుల్లి ఘాటు మరునాటి దాకా వేళ్లను వదలదు. ఎనిమిదో ఇన్నింగ్స్ వేళకు సీగల్ పక్షులు గుంపులుగా దిగుతాయి కనుక, తినేది అంతకుముందే ముగించాలి.

కారులో వెళ్లవద్దు. పార్కింగ్ ఖరీదు, ఆట ముగిశాక వీధులలో ఇరుక్కుపోవడం రెండూ భరించలేనివి. సన్నీవేల్, మౌంటెన్ వ్యూ వైపు ఉన్నవారికి కాల్‌ట్రెయిన్ రైలు శాన్ ఫ్రాన్సిస్కోలో ఆగే చివరి స్టేషన్ నుంచి అయిదారు నిమిషాల నడక. ఫ్రీమాంట్ వైపువారు బార్ట్ రైలులో వచ్చి ఎంబార్కడెరో స్టేషన్‌లో దిగి, నగర రవాణా సంస్థ మ్యూనీ నడిపే ఎన్ రైలు ఎక్కవచ్చు; నాకైతే నీటి ఒడ్డున ఇరవై అయిదు నిమిషాలు నడిచి వెళ్లడమే ఇష్టం. బేస్‌బాల్‌లో స్కోర్లు సమమైతే డ్రా ఉండదు, తేలేదాకా అదనపు ఇన్నింగ్స్ ఆడిస్తూనే ఉంటారు. కనుక రాత్రి చివరి రైలు వేళ ముందే చూసుకుని, దానికి ముందు రైలుకే తిరుగుప్రయాణం పెట్టుకోండి.