మంచం పక్క మేకుకు వేలాడే నోటుబుక్కు: నాలుగేండ్ల వాడకం తర్వాత

రోగి మందులు, లెక్కలు, ఎవరొచ్చి ఏం చేశారో అన్నీ ఒక్కచోట రాసి పెట్టే పుస్తకం ఇది, దుకాణంలో తయారుగా దొరికే వస్తువు కాదు. 200 పేజీల లాంగ్ నోటుబుక్కు, రెండు బాల్‌పెన్నులు, గమ్ము సీసా, కాగితాలు పెట్టుకోవడానికి ఒక బట్ట సంచి. అన్నీ కలిపి రెండు వందల రూపాయల్లో తేలిపోతుంది. నల్గొండ జిల్లా దేవరకొండ, చండూరు, మర్రిగూడ వైపు ఇండ్లకు వెళ్లి చూసే రోగుల దగ్గర నాలుగేండ్లుగా వాడుతున్నాం. పక్షవాతంతో మంచం పట్టినవాళ్లు, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు, మూత్రం పైపుతో ఇంటికొచ్చినవాళ్లు, క్యాన్సర్ ముదిరి నొప్పి గోలీల మీద ఉన్నవాళ్లు. ఇలాంటి ఇండ్లలోనే దీని విలువ తెలుస్తుంది. బీపీ ఒక్కటే ఉండి, నెలకోసారి నడిచొచ్చి గోలీలు తీసుకుపోయేవాళ్లకు కార్డు చాలు, పుస్తకం దండుగ.

ఒక్క రోగిని ఎంతమంది చూస్తారో లెక్కేయండి. పట్నంలో డాక్టరు, డిశ్చార్జి కాగితం రాసిన హౌస్‌సర్జన్, ఊర్లో ఆర్‌ఎంపీ, పల్లె దవాఖానలో ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్), ఏఎన్ఎం, ఆశ, ఇంట్లో కోడలు. ఒకరు చేసింది ఇంకొకరికి తెలియదు. మేం ట్యాబ్‌లో ఎక్కించింది కోడలికి కనబడదు, ఆర్‌ఎంపీ వేసిన సూది మా ట్యాబ్‌లోకి రాదు. ఆరోగ్య రికార్డులకు ఇచ్చే 14 అంకెల ఆభా నంబరు ఉన్నా సరే, రాత్రి పదింటికి ఆయాసం వచ్చి 108 పిలిస్తే వాళ్ల చేతికి అందేది మేకుకు ఉన్న పుస్తకమే.

పేజీల అమరిక రెండుసార్లు మార్చి ఇప్పుడున్న దగ్గర ఆపాం. లోపలి అట్ట మీద పేరు, వయసు, బరువు, పడని మందులు, ఆశ ఫోను నంబరు. మొదటి రెండు పేజీల్లో జబ్బులు, ఆపరేషన్లు. మూడో పేజీ ఒంట్లో ఉన్న పైపులకు. నాలుగు నుంచి పది దాకా మందులకు. ఆ తర్వాత ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరూ రాసే పేజీలు. పుస్తకం తిరగేసి వెనక నుంచి మొదలుపెడితే బీపీ, షుగర్ లెక్కలు. ఇవి ఇంటివాళ్లు రాసేవి, అందుకే వేరుగా ఉండాలి. మొదట్లో అన్నీ ఒకే వరుసలో రాయించాం, నెల తిరిగేసరికి ఏదీ దొరకలేదు.

అన్నిట్లో ఎక్కువ పనికొచ్చేది మందుల పేజీ. మా దగ్గర మళ్లీ మళ్లీ పట్టుబడే తప్పు ఒకటే: ప్రైవేటులో రాసిన గోలీ ఒక కంపెనీ పేరుతో ఉంటుంది, పల్లె దవాఖానలో ఇచ్చేది అసలు (జెనరిక్) పేరుతో ఉంటుంది, రెండూ బీపీ మందు ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా.లే. అవ్వ రెండూ వేసుకుంటుంది. కాళ్లు వాస్తాయి, లేవబోతే కళ్లు తిరుగుతాయి. ఆ వాపుకు ఎవరో నీరు దిగే గోలీ రాస్తారు, అది మూడో మందు. అందుకే పేరు రాయడంతో సరిపెట్టం, గోలీలు అయిపోయిన ఖాళీ షీటును కత్తిరించి అంటిస్తాం. పేరు, మి.గ్రా. కనబడే ముక్కే కావాలి. గోలీలు వత్తుతుంటే వెనక రేకు చినిగి ఆ పేరే ముందు పోతుంది, కాబట్టి పేరున్న కొస చివరికి మిగిలేలా రెండో కొస నుంచి వత్తుకోమని ముందే చెప్పాలి. అంటించాక పక్కన పొద్దు పొడుపు, నడినెత్తి సూర్యుడు, చంద్రుడు బొమ్మలు. తండాల్లో చదువురాని ముసలివాళ్లు కూడా బొమ్మ చూసి సరిగ్గా వేసుకుంటున్నారు. ఆపేసిన మందును చింపకూడదు. ఎర్ర గీత కొట్టి, తేదీ, ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు అని రాయాలి. లేకపోతే ఆరు నెలలకు ఇంకో డాక్టరు అదే మందు మళ్లీ మొదలుపెడతారు.

డిశ్చార్జి కాగితం మీది పొట్టి అక్షరాలను మొదటి సందర్శనలోనే విప్పి రాయాలి. ఓడీ అంటే రోజుకు ఒకసారి, బీడీ రెండుసార్లు, టీడీఎస్ మూడుసార్లు, హెచ్ఎస్ పడుకునే ముందు, ఎస్ఓఎస్ అవసరమైతేనే. చివరిదాన్ని రోజూ వేసుకునేది అనుకునేవాళ్లే ఎక్కువ, నొప్పి గోలీలు కిడ్నీల మీద పడేది అక్కడే.

ఇన్సులిన్ ఉన్న ఇంట్లో ఒక పేజీ సీసాకు, సిరంజికి. సర్కారు దవాఖానలో ఇచ్చే 10 మి.లీ. సీసాలో సాధారణంగా మి.లీ.కు 40 యూనిట్లుంటాయి, దానికి ఎర్ర మూత సిరంజి. మి.లీ.కు 100 యూనిట్ల మందుకు నారింజ మూత సిరంజి. మెడికల్ షాపులో ఏది ఇస్తే అది తెచ్చుకుంటారు. 40 సీసాలోంచి 100 సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 8 యూనిట్లే, షుగర్ దిగదు, డోసు పెంచమంటారు. తిరగబడితే ప్రాణం మీదికొస్తుంది: 100 మందును 40 సిరంజిలో 20 గీత దాకా లాగితే 50 యూనిట్లు పోతాయి. అందుకే పుస్తకంలో "20 యూనిట్లు" అని మాత్రమే రాయం. "40 సీసా, ఎర్ర మూత, 20" అని రాసి, ఎర్ర మూతనే దారంతో కట్టి వేలాడదీస్తాం. సీసా తెరిచిన తేదీ కూడా అక్కడే. తెరిచాక 28 రోజులు. ఎండాకాలం మా దిక్కు ఎండ 43, 44 డిగ్రీలకు పోతుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో సీసాను మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను నీళ్లున్న మట్టికుండలో, నీడన ఉంచాలి. ఫ్రిజ్ ఉన్న ఇండ్లలో తప్పు వేరే, మంచుగడ్డ పక్కన పెడతారు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనిచేయదు.

పైపుల పేజీ చిన్నదే, కానీ లేకపోతే నష్టం పెద్దది. డిశ్చార్జిలో "పైపు పెట్టాం" అని ఉంటుంది, ఏ రకమో ఉండదు. పసుపు రంగు లేటెక్స్ పైపును నాలుగు వారాల లోపే మార్చాలి. పారదర్శకంగా ఉండే సిలికాన్ పైపు 12 వారాల దాకా ఉంటుంది. కాబట్టి పెట్టిన తేదీ, రకం, సైజు, పైపు జారిపోకుండా లోపల ఉబ్బే బెలూన్‌లో ఎన్ని మి.లీ. నీళ్లు ఎక్కించారు, మార్చాల్సిన తేదీ, ఈ ఐదూ రాయాలి. బెలూన్ లెక్క ఎందుకంటే, తీసేటప్పుడు ఎక్కించినన్ని నీళ్లూ బయటికొచ్చాయో లేదో తెలియాలి. సగం మిగిలిన బెలూన్‌తో పైపు లాగితే మూత్రనాళం చీరుకుపోతుంది. ఎక్కించేది కూడా స్టెరైల్ (క్రిములు లేని) నీళ్లే. సెలైన్ అయితే ఉప్పు గట్టిపడి బెలూన్ దిగకుండా మొండికేస్తుంది. సంచి మూడింట రెండు వంతులు నిండగానే ఖాళీ చేయాలి, మంచం మీద రోగి పక్కన పడేయకూడదు.

మంచం పుండ్ల కొలత రోగి తల నుంచి కాళ్ల వైపు ముందు, అడ్డంగా తర్వాత, సెంటీమీటర్లలో. ఎవరు కొలిచినా ఇదే వరుస, లేకపోతే పుండు తగ్గిందో పెరిగిందో తేలదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఇంకో చిక్కుంది. ఫ్లోరైడ్ నీళ్లతో వెన్ను బిగుసుకుపోయి వంగినవాళ్లు వెల్లకిలా పడుకోలేరు. వైద్య పుస్తకాల్లో చెప్పే పిరుదుల దగ్గరే కాకుండా వంగిన వెన్నుపూస మీద కూడా చర్మం ఎర్రబడుతుంది. రెండు గంటలకోసారి తిప్పాలన్న మాట వీళ్లకూ వర్తిస్తుంది, కానీ మెడ, నడుము ఒకేసారి తిరగాలి. ఏ దిండు ఎక్కడ పెడితే ఒదిగిందో బొమ్మ గీసి పెడితే, రాత్రి కాపలాకు వచ్చిన కొడుకు కూడా అలాగే పెడతాడు.

ఇక లోపాలు. ఇంటివాళ్లు రాసే బీపీ పేజీని కళ్లు మూసుకుని నమ్మొద్దు. వరుసగా వారం రోజులు 130/80 ఉంటే అది చూసి రాసింది కాదు. మిషన్‌లో మెమొరీ బటన్ నొక్కి పుస్తకంతో సరిపోల్చాలి. కోపగించుకుంటే తర్వాత అసలే రాయరు. "అవ్వా, ఎంతొస్తే అంతే రాయించు, బీపీ పైకి పోయినా మాకు తెల్వాలె" అంటే మళ్లీ నిజం వస్తుంది. ఐదు నిమిషాలు ఆనుకుని కూర్చున్నాక, చెయ్యి గుండె ఎత్తున పెట్టి, నిమిషం ఎడంతో రెండుసార్లు తీసి రెండూ రాయాలి. తండాల్లో పాతతరం ఆడవాళ్లకు భుజం దాకా గాజులుంటాయి, పట్టీ చుట్టడానికి చోటుండదు. గాజుల మీద చుట్టినా, చిన్న పట్టీ ఇరికించినా లెక్క తప్పు. ముంజేతి మీద తీయక తప్పకపోతే పక్కన "ముంజెయ్యి" అని రాయండి. అక్కడ సాధారణంగా ఎక్కువ చూపిస్తుంది, రాయకపోతే రేపు భుజం మీద తీసిన లెక్కతో పోల్చి మందు మార్చేస్తారు.

ఈసీజీ, కొన్ని ల్యాబు రిపోర్టులు వేడికి ముద్రపడే నున్నటి కాగితం మీద వస్తాయి. కొన్ని నెలల్లో తెల్లగా అయిపోతాయి. ప్లాస్టిక్ కవరులో పెడితే ఇంకా తొందరగా పోతాయి, లామినేషన్ చేయిస్తే మొత్తం నల్లబడుతుంది. వచ్చిన రోజే జిరాక్స్ తీయించి జిరాక్సునే అంటించాలి. అన్నం మెతుకులతో అంటిస్తే బొద్దింకలు తినేస్తాయి. జెల్ పెన్ను ఒక్క చుక్క నీళ్లకే పారుతుంది.

పుస్తకం అందరికీ కనబడేది, ఇదే దాని బలం, ఇదే బలహీనత. చుట్టాలు వస్తారు, తిప్పి చూస్తారు. హెచ్ఐవీ లాంటివి ఇందులో రాయకండి, "వివరం పల్లె దవాఖానలో" అని ఒక ముక్క చాలు. మొదటి ఏడాది ఈ జాగ్రత్త తీసుకోకపోవడం మా తప్పు.

రోగితోపాటు పుస్తకం పెద్దాసుపత్రికి పోవాలి, తిరిగి రావాలి. తిరిగి రాకపోవడమే ఎక్కువ. ఒక ప్రైవేటు ఆసుపత్రి కేసు షీటుకు గుచ్చి ఉంచేసుకుంది. ఇప్పుడు మందుల పేజీలు, పైపుల పేజీ జిరాక్స్ తీసి సంచిలో పెట్టి అదే ఇవ్వమంటున్నాం. పాలమూరు వైపు నుంచి వలస పోయే ఇండ్లకు ఇంత లావు పుస్తకం పనికిరాదు. ముంబై, పుణెకు పనికి పోయేవాళ్లకు జేబులో పట్టే చిన్న పుస్తకంలో మందుల అసలు పేర్లు, మి.గ్రా., చివరి మూడు బీపీ లెక్కలు రాసిస్తే చాలు. మందుల పేర్లు మాత్రం ఇంగ్లిషు పెద్దక్షరాల్లో ఉండాలి, అక్కడి డాక్టరు తెలుగు చదవలేరు.

పేజీలు నిండి కొత్త పుస్తకం మొదలుపెట్టే రోజున అరగంట సమయం పెట్టుకోండి. పాతదాంట్లోంచి కాపీ చేయకుండా, ఇంట్లో ఉన్న గోలీలన్నీ చాపమీద పోయించి, వాటిని చూసి కొత్త మందుల పేజీ రాయాలి. పాత పుస్తకంలో లేని షీటు ఒక్కటైనా అప్పుడే బయటపడుతుంది. పాతదాన్ని పారేయొద్దు, అదే సంచిలో వెనకాల పెట్టి, అట్ట మీద ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకానో రాయండి.