విశాఖ మెరైన్ పోలీస్: 1093 సేవ ఎంతవరకు అక్కరకొస్తుంది?

2008 ముంబై దాడుల తర్వాత తీరంలో మెరైన్ పోలీస్ స్టేషన్లు పెరిగాయి. తూర్పు నౌకాదళ కేంద్రం, పోర్టు, ఫిషింగ్ హార్బర్ ఒకేచోట ఉన్న విశాఖకు ఈ దళం చాలా అవసరం. పోర్టు లోపలి కాపలా కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం సీఐఎస్ఎఫ్‌ది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు, అంటే సుమారు 22 కిలోమీటర్లు, మెరైన్ పోలీసులది. ఆ పైన కోస్ట్ గార్డ్ చూసుకుంటుంది.

అనుమానాస్పద పడవ కనిపిస్తే మెరైన్ పోలీసుల నంబరు 1093కి ఫోన్ చేయండి. ఇది టోల్ ఫ్రీ. ఇంజిన్ ఆగినా, మనిషి నీళ్లలో పడినా నేరుగా కోస్ట్ గార్డ్ 1554కే చేయడం మంచిది, ఎందుకంటే సముద్రంలో వెతుకులాట బాధ్యత వాళ్లదే. జీపీఎస్‌లోని అక్షాంశ రేఖాంశాలు ముందు చెప్పాలి. తర్వాత బోటు రిజిస్ట్రేషన్ నంబరు, ఎంతమంది ఉన్నారో, ఇంజిన్ పరిస్థితి. "భీమిలికి ఎదురుగా ఉన్నాం" అంటే వెతికేవాళ్లకు ఏ మాత్రం చాలదు.

అసలు లోపం నంబర్లలో లేదు, సిగ్నల్‌లో ఉంది. ఒడ్డు కనుమరుగయ్యాక మొబైల్ పనిచేయదు. అందుకే పడవలోని వీహెచ్ఎఫ్ రేడియో సెట్ ఆపద పిలుపులకు వాడే 16వ ఛానెల్‌లో ఉండాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి. లోతు వేటకు వెళ్లే మరపడవలకైతే ఉపగ్రహ ఆపద సంకేత పరికరం తప్పనిసరిగా ఉండాలన్నదే మా మాట.

తనిఖీలో బయోమెట్రిక్ కార్డు, రిజిస్ట్రేషన్, లైసెన్సు అడుగుతారు. తడవని సంచిలో పెట్టుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి ఆ రోజుల్లో మరపడవ సముద్రంలో కనిపిస్తే ఆపుతారు.

మెరైన్ పోలీసుల గస్తీ మాత్రం ఇంకా మెరుగుపడాలి. పడవలుంటే చాలదు, వాటికి ఇంధనం, మరమ్మతు, అనుభవమున్న సరంగు (పడవ నడిపేవాడు) కావాలి. స్థానిక మత్స్యకార యువకులను ఈ పనిలోకి ఎక్కువగా తీసుకోవాలి.