ఒమేగా స్పీడ్‌మాస్టర్ 1861: రోజూ కీ ఇచ్చి వాడితే తెలిసేవి

1861 అంటే ఒమేగా స్పీడ్‌మాస్టర్ చేతి వాచీలోని మూవ్‌మెంట్, అంటే లోపలి యంత్రం. దీనికి చేతితో కీ ఇవ్వాలి. 18 జ్యువెల్స్ (రాపిడి తగ్గించే రాళ్లు), గంటకు 21,600 బీట్లు, నిండా కీ ఇస్తే దాదాపు 48 గంటలు నడుస్తుంది. అలాగని రెండో రోజుకి వదిలేయొద్దు, స్ప్రింగు నీరసించే కొద్దీ టైము చెదురుతుంది. పొద్దున్నే ఒకే వేళకు కీ ఇవ్వడం మేలు. క్రౌన్ (కీ తిప్పే పక్క బిళ్ల) గట్టిగా అడ్డుపడిందంటే ఆపేయాలి. ఆటోమేటిక్‌లో లాగా స్ప్రింగు జారిపోయే ఏర్పాటు ఇందులో లేదు.

క్రౌన్ లాగినా సెకన్ల ముల్లు ఆగదు. సెకన్లు కలిపి పెట్టుకునేవాళ్లకి ఇది చిరాకే. 2021 మోడల్లోని కొత్త మూవ్‌మెంట్ 3861లో ఆగుతుంది. అది 15,000 గాస్ (అయస్కాంత బలానికి కొలత) అయస్కాంతాన్ని కూడా తట్టుకుంటుంది. 1861కి మాత్రం స్పీకర్లు, ట్యాబ్లెట్ కవర్లు పడవు. టైమును అదుపులో ఉంచే సన్నటి హెయిర్‌స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుని వాచీ ఉన్నట్టుండి రోజుకి నిమిషాల కొద్దీ ముందుకు పరిగెడుతుంది. అప్పుడు విప్పించకండి, ముందు డీమాగ్నటైజ్ చేయించండి, అంటే పట్టిన అయస్కాంతత్వం తీయించండి.

క్రోనోగ్రాఫ్ (వాచీలోని స్టాప్‌వాచ్, పొట్టిగా క్రోనో) బ్రేకు ప్లాస్టిక్ అని చాలామంది ముఖం చిట్లిస్తారు. నిజానికి నూనె అక్కర్లేకుండా ఏళ్లు పనిచేసే ముక్క అది. అసలు తలనొప్పి 6 దగ్గరి గంటల కౌంటరు. క్రోనో ఆపి ఉన్నా దాని ముల్లు మెల్లగా పాకుతుంటుంది. మెయిన్ స్ప్రింగు ఉండే డబ్బా, అంటే బ్యారెల్ నుంచి రాపిడితో అందే కదలికని ఆపాల్సిన లివర్ పట్టు తప్పడమే కారణం. ఆ భాగాలు డయల్ కింద ఉంటాయి కాబట్టి ముళ్లు, డయల్ తీయాల్సిందే. మరో మాట: నీళ్లలో పుషర్లు (క్రోనో నడిపే పక్క బటన్లు) నొక్కకండి.

కలెక్టర్ల మోజంతా పాత స్పీడ్‌మాస్టర్లలోని 321 మూవ్‌మెంట్ మీద. 1969లో వ్యోమగామి ఆల్డ్రిన్ చేతికి కట్టుకుని చంద్రుడి మీద దిగిన వాచీలో ఉన్నది అదే. క్రోనోని నడిపి ఆపడానికి 1861లోని క్యాం (ఎగుడుదిగుడు పలక) బదులు కాలమ్ వీల్ (స్తంభాల్లాంటి పళ్ల చక్రం) కాబట్టి పుషర్ మెత్తగా దిగుతుంది. కానీ బీట్లు 18,000 మాత్రమే, సర్వీసు ఖర్చూ ఎక్కువే. రోజూ కట్టుకోవడానికి 1861నే నా ఓటు.

పాతది కొంటే మెరుపు చూసి మోసపోవద్దు. పాలిష్ పట్టి అంచులు అరగదీసిన కేసుకీ, కొత్త ముళ్లు వేసిన పాత డయల్‌కీ కలెక్టర్లు ధర తగ్గిస్తారు. సర్వీసులో విప్పిన పాత భాగాలు తప్పకుండా అడిగి తీసుకోండి. బేరానికి ముందు క్రోనో నడిపి, ఆపి, రీసెట్ నొక్కండి. మధ్యలోని క్రోనో సెకన్ల ముల్లు సరిగ్గా 12 మీద నిలవకపోతే సర్వీసు ఖర్చు తగ్గించుకుని ధర చెప్పండి.