క్యోటోనా, పారిసా?

వాతావరణ ఒప్పందాల్లో 1997 నాటి క్యోటో మేలా, 2015 నాటి పారిస్ మేలా అని అడిగితే నా ఓటు పారిస్‌కే, కాకపోతే కొంచెం సణుగుతూ. క్యోటోలో ఉద్గారాలు ఇంత తగ్గించాలన్న కట్టుబాటు ధనిక దేశాలకే పెట్టారు, న్యాయమే అనిపిస్తుంది, కానీ అమెరికా సంతకం పెట్టినా ఆమోదించనే లేదు, కెనడా 2011లో తప్పుకుంటున్నానంది. ఇంకేం మిగిలింది?

పారిస్ మన తిరుమల హుండీ లాంటిది: అందరూ వేయాలి, ఎంతన్నది ఎవరిష్టం వాళ్లది, తక్కువ వేస్తే జరిమానా లేదు. అయినా ఐదేళ్లకోసారి కొత్త లక్ష్యం చెప్పాలి కాబట్టి కొంత టెన్షన్ ఉంటుంది. 2030కల్లా విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్, డీజిల్ కానివాటిదే ఉండాలనుకున్న మన దేశం 2025లోనే అక్కడికి చేరింది (సామర్థ్యం వేరు, వచ్చే కరెంటు వేరు, అది ఇంకా ఎక్కువగా బొగ్గుదే). ఈరోజు తిరుపతిలో మేడ మీద 3 కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టించుకుంటే సూర్యఘర్ పథకం కింద కేంద్రం 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తోంది, పగలు మిగిలిన యూనిట్లను నెట్ మీటర్ లెక్కగడుతుంది. క్యోటోలోనైతే మనకసలు లక్ష్యమే లేదు.

డబ్బు దగ్గర మాత్రం పారిస్ కూడా నీరసమే. 2024లో బాకులో జరిగిన వాతావరణ సదస్సులో, ధనిక దేశాలు ముందుండి పేద దేశాలకు 2035 నాటికి ఏటా 300 బిలియన్ డాలర్లు సమకూర్చాలన్నారు. చాలదని మనవాళ్లు అక్కడే గట్టిగా అభ్యంతరం చెప్పారు.