జింప్ 3.0: స్టూడెంట్ ప్రాజెక్టు ఆల్బమ్ కవర్‌కు చాలుతుందా?

చాలుతుంది. జింప్ ఫోటోలు ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్, పైగా ఉచితం. 2025లో వచ్చిన ఈ వెర్షన్‌లో అసలు లాభం ఫిల్టర్లది. బ్లర్ (మసక), కర్వ్స్ (వెలుగునీడల సర్దుబాటు) లాంటివి లేయర్ (బొమ్మలోని పొర) మీద విడిగా నిలుస్తాయి, ఎప్పుడైనా తెరిచి విలువలు మార్చుకోవచ్చు. వారానికో డ్రాఫ్ట్ అడిగే టీచర్లుంటే ఇదొక్కటే చాలు.

కాన్వాస్ కొలత మాత్రం మొదట్లోనే సరిగ్గా పెట్టాలి. స్ట్రీమింగ్‌కైతే 3000 × 3000 పిక్సెళ్లు. సీడీ ముందు కవర్ 120 మి.మీ. చతురస్రం. చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కత్తిరింపులో పోయే అంచు) కలిపితే 126, అంటే 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు) దగ్గర 1488 పిక్సెళ్లు. వెనక ఇన్‌లే (సీడీ పెట్టె వెనక కాగితం) 151 × 118 మి.మీ., అందులో రెండు పక్కలా చెరో 6.5 మి.మీ. స్పైన్‌కే (పెట్టె పక్క అంచుకు మడిచే పట్టీ) పోతుంది. పాటల జాబితా ఆ మడతలోకి జారిపోవడం మామూలే కాబట్టి గైడ్ గీతలు ముందే లాగి పెట్టుకోండి. చిన్న ఫోటోను సాగదీస్తే పిక్సెళ్లు పెరుగుతాయి గానీ వివరం పెరగదు.

టెక్స్ట్ టూల్ పర్వాలేదు. యూనికోడ్ ఫాంటైతే తెలుగు ఒత్తులూ చక్కగా కూర్చుంటాయి. టెక్స్ట్ లేయర్ మీద బ్రష్ పెట్టాక మళ్లీ అక్షరాలు మారిస్తే, ఆ బ్రష్ పని పోతుంది. ముందు నకలు తీసుకోండి. పేరు చదవగలిగేలా ఉందో లేదో 64 పిక్సెళ్లకు కుదించి చూడాలి.

పెద్ద లోటు ప్రింటింగ్‌లో. నేరుగా సీఎంవైకేలో (ప్రింటింగ్‌లో వాడే నాలుగు సిరాల రంగుల పద్ధతి) పనిచేయలేం, సాఫ్ట్ ప్రూఫ్‌లో (ముద్రణ రంగులు తెరమీదే చూపే నమూనా) చూసుకోవాలి. తెరమీద మెరిసే నీలం, ఆకుపచ్చ కాగితం మీద చప్పబడతాయి. జేపెగ్‌లో లేయర్లు ఉండవు, లేయర్లుండే జింప్ సొంత ఎక్స్‌సీఎఫ్ ఫైలు విడిగా దాచుకోండి.