పాత పేరా, కొత్త పేరా?

నెల్లూరులో మా మెటల్‌కోర్ (అరుపులతో పాడే భారీ రాక్ సంగీతం) బృందానికి గొంతుగా నిలిచిన అమ్మాయి ఉద్యోగం కోసం చెన్నై వెళ్లిపోతున్నందున, అదే పేరుతో మరో గాయనిని తీసుకోవాలా, లేక బృందాన్ని ముగించి కొత్త పేరుతో మొదలుపెట్టాలా అన్న ప్రశ్న మా ముందుకు వచ్చింది.

మొదటి దారిలో నడిచింది కెనడాకు చెందిన ది ఆగొనిస్ట్ అనే మెటల్ బృందం. దాని గాయని అలీసా వైట్-గ్లజ్ 2014లో ఆర్చ్ ఎనిమీ అనే మరో మెటల్ బృందంలో చేరాక, ఆమె స్థానంలో వచ్చిన విక్కీ సారాకిస్ మూడు ఆల్బమ్‌లు పాడారు. 2023లో బృందం ముగిసింది. అన్నేళ్లు నిలవడం చిన్న విషయం కాదు. అయితే ఈ సంగీతంలో అరుపు కూడా వేలిముద్ర లాంటిదే కాబట్టి, పాత పాట ఎత్తుకున్న ప్రతిసారీ కొత్త గాయనిని పాత గొంతుతోనే తూచడం తప్పదు. మన పౌరాణిక నాటకాల్లో పద్యం పాడే నటుడు మారినప్పుడు ప్రేక్షకులు చేసేదీ అదే.

రెండో దారి గాయని కోర్ట్నీ లాప్లాంట్‌ది. 2012లో ఐ రెజిల్డ్ ఎ బేర్ వన్స్ అనే బృందంలో మరొకరి స్థానంలో చేరిన ఆమె, తర్వాత అదే బృందంలోని గిటారిస్టు, తన భర్త అయిన మైక్ స్ట్రింగర్‌తో కలిసి స్పిరిట్‌బాక్స్ అనే కొత్త బృందాన్ని స్థాపించారు. 2021లో తొలి పూర్తి ఆల్బమ్, ఆపై గ్రామీ నామినేషన్లు వచ్చాయి. అక్కడ స్వరకర్తా గాయనీ కలిసే బయటికి వచ్చారు. మాకు ఆ వెసులుబాటు లేదు. పాత పాటలనూ, వాటికోసం వచ్చే శ్రోతలనూ వదులుకోవలసి ఉంటుంది.

అయినా నా మొగ్గు కొత్త పేరు వైపే. రాబోయే అమ్మాయి మొదటి రోజు నుంచే తన పాట తాను పాడుకోవాలి.